కోపం ఉన్నవాళ్ళు తాగకూడని సీసా

ఆగస్టు 8, 1983, సోమవారం

మా ఆయన క్యాంపు నుంచి ఒక సీసా తెచ్చారు. తువ్వాల్లో చుట్టి, పురిటి పిల్లని ఎత్తుకొచ్చినట్టు తెచ్చారు. అత్తయ్యగారు గుమ్మంలోనే ఆపేశారు.

"ఏంట్రా అది?"

"వైనమ్మా. బ్రూనో దొరగారిచ్చేరు. ఇటలీది."

గ్యాసు కోసం మా రాజోలు పక్కన భూమిలోకి బోరు దించుతున్న కంపెనీలో బ్రూనో దొరగారు ఇంజనీరు. మా ఆయన నడిపేది ఆ దొరగారి జీపే. వచ్చే ఆదివారం దొరగారు మా ఇంటికి భోజనానికి వస్తారట. అప్పుడు ఇలాంటిదే ఇంకో సీసా తెస్తారట. ఈ సీసా ముందుగా ఇచ్చింది మేము రుచి చూసి, మన వంటల్లో దీనికి ఏది జతగా ఉంటుందో తేల్చుకోవడానికట.

"అంటే సారాకి నంజుడు నేను వండాలా?" అన్నారు అత్తయ్యగారు.

"సారా కాదమ్మా. వాళ్ళకిది మన మజ్జిగలాంటిది."

మావయ్యగారు సీసా అందుకుని భూతద్దం పెట్టారు. ఆయన మిషను స్కూల్లో చాలాకాలం పాఠాలు చెప్పి రిటైరయ్యారు. చర్చిలో సంఘపెద్ద. అక్షరాలు ఇంగ్లీషువే అయి మాటలు ఇంగ్లీషువి కాకపోయేసరికి ఆయనకి కోపం వచ్చింది. చివరికి 1977 అన్న అంకె మాత్రం చదవగలిగారు.

"ఆరేళ్ళ కిందటిదిరా సాలమోనూ! పాడైపోయినది నీకంటగట్టేరు."

"ఎంత పాతదైతే అంత మంచిదంట నాన్నా."

"అలాగా. మరి నిన్నటి చారు పోస్తే మీ అమ్మ మీద ఎందుకు కేకలేశావ్?"

నేను వంటింటి గుమ్మం వెనక నిలబడి విన్నాను. పెద్దవాళ్ళ ముందు నాకు మాట రాదు. అందుకే క్యాంపులో ఇచ్చిన ఈ డైరీ ఆయన నాకిచ్చారు.

ఏడో నెల వచ్చింది. మొదటి కాన్పుకి అందరూ పుట్టింటికి వెళతారు. నేను వెళ్ళడం లేదు. రాజోలు ఆసుపత్రి దగ్గర కదా అన్నారు అత్తయ్యగారు. నిజమే, దగ్గరే. నాకేమీ బాధ లేదు.

ఆగస్టు 9

దొరగారు చెప్పినవన్నీ మా ఆయన చేతులు కట్టుకుని నిలబడి అప్పజెప్పారు. ఇది బరువైన వైనట. తేలికపాటి తిండి దీని ముందు నిలబడదట. గటగటా తాగకూడదట. తాగడానికి ముందు మూత తీసి ఉంచితే కాసేపు ఊపిరి పీల్చుకుంటుందట. చల్లగా తాగకూడదట, గదిలో ఎంత వేడి ఉంటే అంత వేడిగా ఉండాలట.

"ఎవరి గదిలో?" అన్నారు మావయ్యగారు.

"అంటే?"

"వాళ్ళ గదిలోనా, మన గదిలోనా? మన గదిలో వేడికి అరటిపళ్ళే మగ్గిపోతున్నాయి."

ఇది ఎవరికీ తట్టలేదు. చాలాసేపు ఆలోచించి, సీసాని బొక్కెనలో పెట్టి నూతిలోకి దించారు. ఇటలీ అంత చల్లబడిందని మావయ్యగారికి అనిపించినప్పుడు పైకి లాగారు.

బిరడా రాలేదు. మా ఆయన దానిలోకి మరమేకు బిగించి పట్టకారుతో లాగితే సగం విరిగి వచ్చింది. మిగతా సగాన్ని మావయ్యగారు గొడుగు కొనతో లోపలికి తోశారు. పాలు వడకట్టే గుడ్డలో నేను వడకట్టాను. రంగు కనబడాలంటే గాజు గ్లాసులో పొయ్యాలన్నారట దొరగారు. మా ఇంట్లో గాజుదంటే లాంతరు చిమ్నీ ఒకటి, మందు కొలిచే చిన్న గ్లాసు ఒకటి. మందు గ్లాసులో పోశారు.

ఎర్రగా, చిక్కగా ఉంది.

ఆ ఎరుపు చూడగానే మావయ్యగారు కుర్చీలోంచి లేచారు. చెప్పులు విడిచారు. నా చెయ్యి దానంతటదే చెంగుని తలమీదికి లాక్కుంది. మా ఇంట్లో ఎవరూ ఎర్రటి ద్రాక్షరసాన్ని చేత్తో పట్టుకుని ఎరగరు. మాకది నెలకోసారి చర్చిలో సంస్కారం ఇచ్చే ఆదివారం పాస్టరు అయ్యగారి చేతిలో గిన్నె నుంచి వచ్చే ఒక్క గుక్క. అదైనా అయ్యగారి భార్య ఎండుద్రాక్షలు ఉడకబెట్టి తీసిన తియ్యటి రసం.

మావయ్యగారు కళ్ళు మూసుకుని అయ్యగారి మాటలే అన్నారు. "ఎవరిమీదనైనా మనసులో కోపం ఉంచుకున్నవారు వెనక్కి తగ్గండి. సమాధానపడి రండి."

అత్తయ్యగారు రెండడుగులు వెనక్కి వేశారు. బియ్యం డబ్బా తగిలి ఆగారు.

"ఏంటే ఎలీసమ్మా?"

"నాకు మోకాళ్ళ నొప్పి."

నా పెళ్ళయినప్పటి నుంచీ సంస్కారం ఉన్న ఆదివారాల్లో అత్తయ్యగారు మోకాళ్ళ నొప్పని వెనక బెంచీలోనే ఉండిపోతారు. ఆ నొప్పి పేరు బుచ్చమ్మ అని ఊళ్ళో అందరికీ తెలుసు. బుచ్చమ్మంటే మా అమ్మ. పెళ్ళి భోజనాల్లో అత్తయ్యగారు, "మాంసం చెప్పు అట్టలా ఉంది" అన్నారు. "పళ్ళు కట్టించుకోండి వదినగారూ" అంది మా అమ్మ. అప్పటినుంచి మాటల్లేవు. నేనీ విషయం గురించి ఆలోచించను.

మావయ్యగారు ఒక గుక్క తాగారు. ముఖం అంతా ముక్కు దగ్గరికి వచ్చేసింది.

"వగరు! పచ్చి అరటికాయ నమిలినట్టుంది," అన్నారు. కండువాతో నాలిక తుడుచుకున్నారు.

ఆగస్టు 10

వరద నీళ్ళు వచ్చాయి కాబట్టి పులస దొరికింది. బంగారరాజుగారు తెచ్చారు. గోదావరి మీద వలలు వేయించే ఆయన, మావయ్యగారికి చిన్నప్పటి స్నేహితుడు. హిందువు కాబట్టి ఆయనకి ఈ నిలబడడాలు, వెనక్కి తగ్గడాలు ఏమీ లేవు. అరుగు మీద కూర్చుని, పులుసు ముక్క తిని, ఒక గుక్క తాగి, చాలాసేపు గోడవైపు చూశారు.

"ఎలా ఉందిరా రాజూ?"

"పడవ గొలుసు నాకినట్టుందండి మాస్టారూ."

"పులసని పాడు చేస్తోందా?"

"ఆయ్. పులస దీన్ని పాడు చేత్తంది, ఇది పులసని పాడు చేత్తంది. ఇద్దరూ ఒకరికొకరు తీసిపోలేదండి."

పీతల ఇగురుతో చూశారు. మళ్ళీ గొలుసే. ఆవకాయ నాకి తాగారు, ఇద్దరికీ కళ్ళంట నీళ్ళు. ఆత్రేయపురం పూతరేకు తిని తాగారు, వేపాకు నమిలినట్టు అయిపోయిందట. కందిపప్పు ముద్దతో చూస్తే పప్పు ఎక్కడికి పోయిందో తెలియలేదట. ప్రతిదానికీ మావయ్యగారు లేచి నిలబడుతున్నారు. ఆయన మోకాళ్ళు కూడా నొప్పి పుట్టాయి.

మా ఆయన మాత్రం అన్నిటికీ బాగుందన్నారు. ఆయనకి నేను పొరపాటున మాడబెట్టినవి కూడా బాగుంటాయి.

నిజానికి ఊళ్ళో రుచి చెప్పగలిగినది ఒక్క అత్తయ్యగారే. పక్కింటి కూరలో ఉప్పు తగ్గిందని వాసనతోనే చెబుతారు. ఆవిడ చేతులు కట్టుకుని పొయ్యి దగ్గర కూర్చున్నారు.

"నువ్వొక్క గుక్క చూడవే."

"కోపం ఉన్నవాళ్ళు తాగకూడదన్నారుగా."

"ఇది సంస్కారం కాదే ఎలీసమ్మా, వట్టి వైను."

"మరి మీరెందుకు నిలబడతన్నారు?"

మావయ్యగారు గబుక్కున కూర్చున్నారు.

ఆగస్టు 11

పేతురు అయ్యగారిని పిలిచారు. మా చర్చి పాస్టరుగారు. ఇది సంస్కారపు రసమో కాదో తేల్చమన్నారు.

"ఆశీర్వదిస్తేనే అవుతుంది మాస్టారూ. సీసాలో ఉన్నదంతా కాదు," అన్నారు అయ్యగారు.

"ఇటలీ నుంచి వచ్చిందండి."

"వస్తే?"

"రోమా ఎక్కడుందండి?"

అయ్యగారు సీసా కింద పెట్టేశారు.

"వాళ్ళు తోటలు తోటలే ఆశీర్వదించేస్తారంట. అక్కడ ఏ బిషప్పుగారో చెయ్యెత్తి ఉంటే ఇది అయిపోయినట్టేనా, కానట్టేనా?"

అయ్యగారు ఆలోచించడానికి కొంచెం పోయించుకున్నారు. ఇంకా ఆలోచించడానికి ఇంకొంచెం పోయించుకున్నారు. చివరికి, "అవునని చెప్పలేను, కాదని చెప్పే ధైర్యం లేదు. ఎందుకైనా మంచిది, సమాధానపడే తాగండి," అని చెప్పి సైకిలెక్కి, గేటు అక్కడ ఉండగా కంచెలోంచి వెళ్ళారు.

ఇప్పుడు అత్తయ్యగారి నాలిక కావాలంటే మా అమ్మ రావాలి.

ఆగస్టు 12

అమ్మని తీసుకురావడానికి ఆయన ఉప్పలగుప్తం వెళ్ళారు. నాకేమీ అనిపించలేదు. పప్పులో రెండుసార్లు ఉప్పు వేశాను.

ఆగస్టు 13, శనివారం

అమ్మ వచ్చింది. చిక్కిపోయింది. బుట్టలో మేకమాంసం తెచ్చింది, అదీ ముదురు మేకది. కావాలనే తెచ్చిందని నాకు తెలుసు.

ఇద్దరినీ ఎదురెదురు పీటల మీద కూర్చోబెట్టారు. మధ్యలో సీసా. మావయ్యగారు పెద్దమనిషి. బంగారరాజుగారు సాక్షి.

అత్తయ్యగారి చూపు మాటిమాటికీ సీసా మీదకి పోతోంది. ఊళ్ళో అందరూ రుచి చూసిన వస్తువు ఆవిడ చూడకుండా ఉండడం ఇదే మొదటిసారి.

"తప్పయిపోయిందండి వదినగారూ," అంది అమ్మ. "ఆ రోజు మాంసం ముదురుదే."

"లేదండి, నా పళ్ళే వదులు."

"మీ పళ్ళకేమండి, ముత్యాల్లా ఉంటాయి. నా మాంసమే చెప్పు అట్ట."

"అలా అనకండి. చెప్పు అట్టన్న నోరు నాది. పడిపోవాలి."

"పడిపోవలసింది నాదండి."

"నాదంటున్నానా!"

గొంతులు పెరుగుతున్నాయి. ఇంకాసేపు ఉంటే క్షమాపణ మీదే మళ్ళీ మాటలు మానేసేవారు. మావయ్యగారు గబగబా పోసి ఇద్దరికీ ఇచ్చారు. ఇద్దరూ నిలబడి, చెంగులు కప్పుకుని, ఒకేసారి తాగారు.

"ఛీ!" అన్నారిద్దరూ.

ఒకరినొకరు చూసుకున్నారు.

"ఇదేం రుచండి వదినగారూ?"

"దొరలకి నోరు లేదండి వదినగారూ. పాపం తల్లులు నేర్పలేదు."

ఆ తర్వాత వాళ్ళని ఆపడం ఎవరివల్లా కాలేదు. వగరుకి కొవ్వు కావాలని అత్తయ్యగారు. పులుపు వద్దు, కారం తగ్గించాలని అమ్మ. ఆ ముదురు మేకమాంసాన్ని కొవ్వుతో సహా మిరియాలు, ఉల్లిపాయలు వేసి, కొబ్బరి డిప్పల నిప్పు మీద పొద్దువాలే దాకా మగ్గబెట్టారు. ముక్క తిని ఒక గుక్క తాగి అత్తయ్యగారు కళ్ళు మూసుకున్నారు.

"వగరు పోయింది," అన్నారు. "కొవ్వుని అది కడిగేత్తంది, దాని పొగరు కొవ్వు దించేత్తంది."

బంగారరాజుగారు ముక్క మీద ముక్క తిని అవునన్నారు. మా ఆయన బాగుందన్నారు.

ఆకులు, వక్కలు వేసుకుంటూ ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. ఇప్పుడు అమ్మ అడుగుతుంది అనుకున్నాను. మంచినీళ్ళ చెంబు పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

"పిల్లని పురిటికి నేను తీసుకెళ్ళాలనుకున్నానండి," అంది అమ్మ.

"ఇక్కడ ఆసుపత్రి దగ్గరండి."

"అదే నేనూ అంటున్నాను. మీలాంటి వదినగారు ఉండగా నాకు బెంగేంటి? ఇక్కడే కానివ్వండి."

ఇద్దరూ నవ్వుకున్నారు.

తరవాత అమ్మ పెరట్లో నా చెయ్యి పట్టుకుని, "ఇప్పుడే కుదిరిందే. ఆ మాట పట్టుకుంటే మళ్ళీ చెడుద్ది. సర్దుకో," అంది.

సర్దుకుంటానన్నాను. సమాధానం మంచిదే. అందరూ సంతోషంగా ఉన్నారు. నాకేమీ బాధ లేదు. నాకేమీ బాధ లేదు.

ఆగస్టు 14, ఆదివారం

అందరూ పడుకున్నారు. ఇప్పుడు రాస్తాను.

చర్చి అయ్యాక దొరగారు వచ్చారు. లోపలికి వస్తూనే వాసానికి తల కొట్టుకున్నారు. చాప మీద కూర్చోబెడితే కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకటి బంగారరాజుగారి ఒళ్ళో దాకా వచ్చింది. చివరికి మావయ్యగారి కుర్చీ వేశారు. టీకొట్టు నుంచి గాజు గ్లాసులు తెచ్చాం. అయ్యగారు కూడా వచ్చారు. ఏదైనా సందేహం వస్తే తీర్చడానికట.

దొరగారు జేబులోంచి మరమేకు లాంటిది తీసి, బిరడాని ఒక్క పట్టుకి లాగేశారు. మావయ్యగారు తన గొడుగుని తలుపు వెనక్కి జరిపారు. అందరికీ కొంచెం కొంచెం పోశారు. గ్లాసుని గుండ్రంగా తిప్పారు. అందరూ తిప్పారు. మావయ్యగారిది పంచె మీద ఒలికింది. దొరగారు ముక్కు గ్లాసులో పెట్టారు. అందరూ పెట్టారు. ఏం వాసన వస్తోందో చెప్పమన్నారు.

"ఎండు నేరేడు," అన్నారు అత్తయ్యగారు.

"కొత్త తోలు," అంది అమ్మ.

"తడి మన్ను," అన్నారు బంగారరాజుగారు. "వరద తీసేక లంకలో వచ్చే వాసన."

మా ఆయన ఇవన్నీ ఇంగ్లీషులో చెప్పేసరికి దొరగారు కుర్చీలోంచి లేచి మా అమ్మ చేతిని పట్టుకుని ఊపేశారు. అమ్మ భయపడి అత్తయ్యగారి చెయ్యి పట్టుకుంది.

అంతవరకూ బాగానే ఉంది. రాజోలు నుంచి తెప్పించిన రొట్టె బల్ల మీద ఉంది. దొరగారు దాన్ని తీసుకుని, చేత్తో విరిచారు.

ఎర్ర వైను. విరిచిన రొట్టె. ఇల్లంతా ఒక్కసారి లేచి నిలబడింది. అయ్యగారు కూడా లేచారు. అది మా అలవాటు కాబోలనుకుని దొరగారూ లేచారు. మళ్ళీ తల కొట్టుకుంది.

మావయ్యగారు కళ్ళు మూసుకున్నారు. "ఎవరిమీదనైనా మనసులో కోపం ఉంచుకున్నవారు వెనక్కి తగ్గండి."

నేను మాంసం గిన్నె బల్ల మీద పెట్టి నిలబడ్డాను. దొరగారు చిన్న గ్లాసులో ఒక్క చుక్క పోసి నావైపు చాపారు. "తీసుకోమ్మా, ఒక్క చుక్కకేం కాదు," అన్నారు మావయ్యగారు. అత్తయ్యగారు ముందుకొచ్చి, గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఈసారి ఆవిడకి మోకాళ్ళ నొప్పి లేదు.

నేను వెనక్కి తగ్గాను.

తగ్గాలనుకోలేదు. కాళ్ళు వెళ్ళిపోయాయి. వీపుకి తలుపు తగిలింది. తలుపు వెనక గొడుగు పడింది.

"పుష్పా?" అన్నారు మా ఆయన.

అందరి చేతుల్లో గ్లాసులు అలాగే ఉన్నాయి. ఒకరు వెనక్కి తగ్గి ఉండగా మిగతావాళ్ళు తాగడం ఎలాగో ఎవరికీ తెలియదు. మావయ్యగారు అయ్యగారివైపు చూశారు. అయ్యగారు పైకప్పువైపు చూశారు.

ఏమయిందని దొరగారు అడిగారు.

"షి యాంగ్రీ సార్," అన్నారు మా ఆయన.

దొరగారు గుండెమీద చెయ్యి పెట్టుకున్నారు. నా మీదా అని.

"నో సార్. డోంట్ నో సార్."

"ఎవరిమీదమ్మా?" అన్నారు మావయ్యగారు, చాలా మెల్లగా.

నేను కింద చూస్తున్నాను. బంగారరాజుగారు, "సెప్పెయ్యమ్మా, కొవ్వు గడ్డకట్టేత్తంది," అన్నారు.

"అత్తయ్యగారిమీదండి," అన్నాను.

నా గొంతు అంత పెద్దదని నాకు తెలియదు.

"నా మీదా!" అన్నారు అత్తయ్యగారు. "నిన్నెప్పుడైనా ఓ మాటన్నానా?"

"లేదండి. అమ్మమీద కూడానండి."

"ఓసి నీ!" అంది అమ్మ.

"ఈయన మీద కొంచెమండి."

మా ఆయన దొరగారివైపు తిరిగి, "లిటిల్ మి సార్," అన్నారు. దొరగారు జాలిగా ఆయన భుజం తట్టారు.

"ఎందుకే?" అంది అమ్మ.

"నేను ఉప్పలగుప్తంలో కంటానండి," అన్నాను. "మీరిద్దరూ కలిసి నన్ను సర్దేసుకున్నారు. నన్నెవరూ అడగలేదండి."

గిన్నె మీద ఆవిరి సన్నబడుతోంది. అత్తయ్యగారు గిన్నెవైపు చూశారు, నా వైపు చూశారు. ఆవిడ ముఖంలో కోపం వస్తుందనుకున్నాను. అది కాదు వచ్చింది. పెళ్ళి కాకముందు ఆవిడ ఎలా ఉండేవారో ఒక్క క్షణం కనబడింది.

"నా మొదటి పురుడు కూడా ఈ ఇంట్లోనే పోసేరు," అన్నారు. "నన్నూ ఎవరూ అడగలేదు." చెంగు సర్దుకున్నారు. "ఎల్లు. రేపే ఎల్లు."

"అలా విసురుగా కాదే," అన్నారు మావయ్యగారు. "సమాధానంగా చెప్పాలి."

"తప్పయిపోయింది కోడలా! ఉప్పలగుప్తం ఎల్లి కను, ముగ్గురిని కను, నలుగురిని కను. ముందొచ్చి ఆ గ్లాసు పట్టుకో. పొద్దున్నుంచీ మగ్గబెట్టేను, మాంసం చల్లారిపోతంది!"

అమ్మ ఏడుస్తూ నవ్వింది. ఆయన తలొంచుకుని, "నేను తీసుకెళతానమ్మా," అన్నారు.

వెళ్ళి గ్లాసు పట్టుకున్నాను. అందరూ నిలబడే తాగారు. దొరగారు మెడ వంచుకుని నిలబడి తాగారు. నేను పెదాలకి ఆనించి, ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను.

ఎలా ఉందని దొరగారు నన్నే అడిగారు.

"వగరండి," అన్నాను. "ఇంకొంచెం మాంసం పెట్టండి."

ఆగస్టు 20

ఉప్పలగుప్తం. ఇక్కడ దోమలెక్కువ. లేచేసరికి ఎండ మంచం మీదికి వచ్చేసింది. ఎవరూ లేపలేదు.